పులివెందుల పక్కన తవ్వే యురేనియం ఏ ఖాతాలోకి వెళ్తోంది? ప్రపంచానికి చెప్పే లెక్క వేరు.. ఊరికి చెప్పే లెక్క వేరు!

భారత్ దగ్గర ఎన్ని అణు వార్‌హెడ్లు ఉన్నాయి? స్వీడన్‌కు చెందిన పరిశోధన సంస్థ సిప్రి 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం 180. పాకిస్థాన్ దగ్గర 170, చైనా దగ్గర కనీసం 600. ఆపరేషన్ సిందూర్ తర్వాత 2025 మే 12న ప్రధాని మోదీ జాతినుద్దేశించి మాట్లాడుతూ 'అణు బ్లాక్‌మెయిల్‌ను సహించం' అన్నప్పుడు ఈ నంబర్లన్నీ మళ్లీ టీవీ స్క్రీన్ల మీదకు వచ్చాయి.

కానీ ఒక ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. దేశీయ యురేనియం ఎక్కడి నుంచి వస్తోంది?

సమాధానంలో సగం కడప జిల్లాలోనే ఉంది. పులివెందుల నియోజకవర్గం, వేముల మండలం, తుమ్మలపల్లె. దేశంలో యురేనియం తవ్వుతున్న ప్రధాన ప్రాంతాలు రెండే. ఒకటి జార్ఖండ్‌లోని జాదుగూడ బెల్ట్, రెండోది ఇదే. ఇక్కడ తవ్వే ప్రతి కిలోకూ అంతర్జాతీయ ఒప్పందాల్లో ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. అదేంటో తెలిస్తే, తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్లలో బోరు నీళ్ల గురించి ఇన్నేళ్లుగా నలుగుతున్న గొడవ కూడా కొత్తగా అర్థమవుతుంది.

ముఖ్యాంశాలు..

* విదేశాల నుంచి కొన్న యురేనియానికి అంతర్జాతీయ తనిఖీ ఉంది. తుమ్మలపల్లె యురేనియానికి లేదు.
* 2008 నాటి అణు ఒప్పందమే ఈ రెండు ఖాతాలను వేరు చేసింది.
* ఎన్‌పీటీ, సీటీబీటీ మీద భారత్ సంతకం చేయలేదు. రసాయన, జీవాయుధాల నిషేధ ఒప్పందాల్లో మాత్రం ఉంది.
* అంతర్జాతీయ తనిఖీలు బాంబుల గురించే చూస్తాయి. బావుల గురించి చూడవు. ఆ బాధ్యత దేశంలోని నియంత్రణ సంస్థలదే.

తుమ్మలపల్లెలో అసలేముంది?

కడప జిల్లా కింద ఉన్న సున్నపురాయి, నాపరాయి సంగతి అందరికీ తెలిసిందే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు నడిచేది ఆ రాయి మీదే. అదే భూగర్భంలో డోలోస్టోన్ అనే మరో రకం రాతి పొర ఉంది. దీనికి వేంపల్లె పేరే పెట్టారు. సుమారు 200 కోట్ల ఏళ్లనాటి ఈ పొరలో యురేనియం ఉంది. వాయవ్యాన రెడ్డిపల్లె నుంచి ఆగ్నేయాన మద్దిమడుగు దాకా దాదాపు 160 కిలోమీటర్ల పొడవునా ఆనవాళ్లు కనిపించాయి.

యురేనియం ఉందని తెలిసి దశాబ్దాలైనా తవ్వలేదు. కారణం, ఖర్చు. జార్ఖండ్‌లో యాసిడ్ పోసి రాయి నుంచి యురేనియాన్ని వేరు చేస్తారు. ఇక్కడి రాయికి యాసిడ్ పోస్తే మొత్తం యాసిడ్‌ను రాయే తాగేస్తుంది. అందుకే క్షారాలతో, ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి మీద నడిచే వేరే పద్ధతి తయారు చేసుకోవాల్సి వచ్చింది. దేశంలో ఈ తరహా ప్లాంట్ ఇదే మొదటిది. 2007లో అప్పటి ముఖ్యమంత్రి, పులివెందులవాసి వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో శంకుస్థాపన జరిగింది. 2012లో గని ప్రారంభమైంది. నడుపుతున్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. అందరూ యూసీఐఎల్ అంటారు.

2011లో అప్పటి అణుశక్తి కమిషన్ ఛైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ చెప్పిన మాట పెద్ద వార్త అయింది. ఇక్కడ 49 వేల టన్నుల నిల్వ ఖరారైందని, అది లక్షన్నర టన్నుల దాకా పెరగొచ్చని ఆయన అన్నారు. ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి అంటూ హెడ్‌లైన్లు వచ్చాయి.

అయితే ఇక్కడ ఒక సంగతి ఉంది. నిల్వ పెద్దదే గానీ పలచన. ఒక టన్ను ముడిరాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. ప్లాంట్ సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ముడిరాయి. అంటే ఎంత బాగా నడిచినా రోజుకు వచ్చే యురేనియం ఒకటి, ఒకటిన్నర టన్ను మించదు. మిగతా రాయంతా పొడై, రసాయనాలతో కలిసి బురదగా టెయిలింగ్ పాండ్‌లోకి వెళ్తుంది. ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. ఊరి గొడవ మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఒకే లోహం.. రెండు ఖాతాలు

ప్రొద్దుటూరు బంగారం అంగట్లో ఒక పద్ధతి ఉంటుంది. కస్టమర్ ఇచ్చిన పాత బంగారం వేరు, అంగడి సొంత బంగారం వేరు. రెండూ ఒకే లోహం. కరిగిస్తే తేడా తెలియదు. అయినా కస్టమర్ బంగారానికి చీటీ ఉంటుంది, తూకం రాసి ఉంటుంది, తరుగు ఎంతో చెప్పాలి. సొంత బంగారానికి బయటివాళ్లకు లెక్క చెప్పే పని లేదు.

భారత్ యురేనియం విషయంలో సరిగ్గా ఇదే జరుగుతోంది.

2008కి ముందు దేశంలో యురేనియం కొరత తీవ్రంగా ఉండేది. 1974 మే 18న పోఖ్రాన్‌లో తొలి అణు పరీక్ష చేశాక భారత్‌కు అణు వ్యాపారంలో తలుపులు మూసుకుపోయాయి. ఆ పరీక్షకు వాడిన ప్లుటోనియం సైరస్ రియాక్టర్ నుంచి వచ్చింది. ఆ రియాక్టర్ ఇచ్చింది కెనడా, అందులో వాడిన భారజలం ఇచ్చింది అమెరికా. శాంతి అవసరాలకని ఇస్తే బాంబు పరీక్ష చేశారన్నది వాళ్ల ఆరోపణ. అది శాంతియుత పేలుడే అన్నది అప్పటి భారత్ వాదన. ఆ తర్వాత పుట్టిందే అణు సరఫరాదారుల బృందం, అంటే ఎన్‌ఎస్‌జీ. బయట నుంచి ఇంధనం రాదు, లోపల సరిపోదు. 2007-08 నాటికి దేశంలో చాలా రియాక్టర్లు సగం సామర్థ్యానికి అటూ ఇటూ నడిచాయి.

అప్పుడు వచ్చిందే అమెరికాతో పౌర అణు ఒప్పందం. దాని కోసం 2006 మార్చిలో భారత్ ఒక విభజన ప్రణాళిక ప్రకటించింది. అప్పటి లెక్కలోని 22 రియాక్టర్లలో 14ను పౌర ఖాతాలో పెట్టింది. వాటిని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ తనిఖీ చేయొచ్చు. మిగతా ఎనిమిదింటిని తనిఖీల బయటే ఉంచింది. కైగాలో నాలుగు, కల్పాక్కంలో రెండు, తారాపూర్‌లో రెండు. 2008 ఆగస్టు 1న ఐఏఈఏ బోర్డు తనిఖీల ఒప్పందాన్ని ఆమోదించింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న వియన్నాలో ఎన్‌ఎస్‌జీ భారత్‌కు మినహాయింపు ఇచ్చింది.

అప్పటి నుంచి రష్యా, కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్, కెనడాల నుంచి యురేనియం వస్తోంది. 1974లో అలిగి వెళ్లిపోయిన కెనడాయే 2015లో మళ్లీ సరఫరాకు ఒప్పుకుంది. కాకపోతే ఒక షరతు. బయట నుంచి వచ్చింది తనిఖీల్లో ఉన్న రియాక్టర్లకే వెళ్లాలి. గ్రాముల్లో లెక్క ఉండాలి. ఇది కస్టమర్ బంగారం.

తుమ్మలపల్లె, జాదుగూడల్లో తవ్వింది అంగడి సొంత బంగారం. దాన్ని ఎక్కడ వాడినా బయటివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. తనిఖీల్లో లేని ఆ ఎనిమిది కరెంటు రియాక్టర్లకు వాడొచ్చు. ముంబయి ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌కు వాడొచ్చు. అణు జలాంతర్గామికీ వాడొచ్చు.

నిజానికి యురేనియం గనిలోకి దిగి ఐఏఈఏ తనిఖీ చేయడం ఏ దేశంలోనూ మామూలు విషయం కాదు. ముడిసరుకు కొంత శుద్ధి అయ్యాకే పూర్తి తనిఖీ మొదలవుతుంది. కానీ ఎన్‌పీటీలో ఉన్న చాలా దేశాలు 'అదనపు ప్రోటోకాల్' కింద గనుల వివరాలు, ఉత్పత్తి సామర్థ్యం చెప్పాలి. భారత్ కూడా అదనపు ప్రోటోకాల్ చేసుకుంది, 2014 జూలైలో అది అమల్లోకి వచ్చింది. అయితే అందులో ప్రధానంగా ఉన్నది ఎగుమతుల సమాచారం. గనుల వివరాలు ఇవ్వాలన్న నిబంధన లేదు. అలా తుమ్మలపల్లె పూర్తిగా గీతకు అవతలే ఉండిపోయింది.

అయితే ఈ యురేనియం బాంబుల్లోకే వెళ్తోందా?

సోషల్ మీడియాలో కొందరు 'తుమ్మలపల్లె యురేనియంతోనే బాంబులు' అని గర్వంగా రాస్తారు. ఇంకొందరు అదే మాట భయంగా రాస్తారు. రెండూ తొందరపాటే. మొదట లెక్క చూద్దాం.

220 మెగావాట్ల రియాక్టర్ ఒకటి పూర్తిగా నడవాలంటే ఏడాదికి సుమారు 45 టన్నుల యురేనియం కావాలి. తనిఖీల్లో లేని ఆ ఎనిమిదిలో ఆరు ఈ సైజువి, రెండు 540 మెగావాట్లవి. అన్నింటికీ కలిపి లెక్కేస్తే ఏడాదికి 400 టన్నులకు పైనే అవుతుంది. దేశీయ యురేనియంలో సింహభాగం కరెంటుకే పోతుందని ఈ లెక్కే చెప్తుంది.

బాంబుకు కావాల్సింది చాలా తక్కువ. ఒక అణుబాంబుకు సరిపోయే ప్లుటోనియం కింద ఐఏఈఏ తీసుకునే కొలత 8 కిలోలు. ప్లుటోనియం గనుల్లో దొరకదు. రియాక్టర్‌లో యురేనియం మండాక వచ్చే బూడిద లాంటి దాంట్లోంచి దాన్ని వేరు చేస్తారు. 1985 నుంచి నడుస్తున్న ధ్రువకు ఏటా కావాల్సిన యురేనియం కొన్ని పదుల టన్నులు మాత్రమే.

ఇంకో విషయం. 1974 పరీక్ష, 1998 మే 11, 13 తేదీల పరీక్షలు తుమ్మలపల్లె గని తెరవక ముందటివి. అప్పటికి దేశంలో తవ్వుతున్నది జార్ఖండ్‌లోనే. కాబట్టి ఇప్పుడున్న ఆయుధాల్లో ఎక్కువ భాగానికి మూలం అక్కడే అనుకోవడం సమంజసం.

మరి విమర్శకుల వాదన ఏంటి? బయటి యురేనియం పౌర రియాక్టర్లకు వస్తుంటే, ఆ మేరకు సొంత యురేనియం ఖాళీ అవుతుంది కదా, దాన్ని ఆయుధాలకు మళ్లించొచ్చు కదా అని. 2008 ఒప్పందం అప్పుడు పాకిస్థాన్ మొదలుకొని అమెరికాలోని అణు వ్యాప్తి నిపుణుల దాకా ఎత్తిచూపింది ఇదే. ప్రభుత్వం వైపు నుంచి వచ్చే సమాధానం సూటిగా ఉంటుంది. భారత్‌ది 'కనీస విశ్వసనీయ నిరోధక శక్తి', అవసరానికి మించి పోగేసే ఉద్దేశం లేదని. అంకెలు కూడా కొంత దానికి తగ్గట్టే ఉన్నాయి. చైనా పెంచుకున్న వేగంతో పోలిస్తే భారత్ వేగం నెమ్మదే.

కానీ మళ్లించొచ్చా అన్న ప్రశ్నకు 'మళ్లించలేరు' అని చెప్పే అంతర్జాతీయ కట్టడి ఏదీ లేదు. ఇది ఒప్పందంలోని లొసుగు కాదు. భారత్ పట్టుబట్టి సాధించుకున్న షరతు.

భారత్ ఎక్కడ సంతకం చేసింది? ఎక్కడ చేయలేదు?

ఎన్‌పీటీ, అంటే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం. 1970 మార్చి 5 నుంచి అమల్లో ఉంది. 1967 జనవరి 1కి ముందు అణు పరీక్ష చేసినవాళ్లే అణ్వస్త్ర దేశాలు, మిగతావాళ్లు ఎప్పటికీ బాంబు చేయకూడదు అన్నది దాని సారం. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాలకు ఒక న్యాయం, మిగతావాళ్లకు ఒక న్యాయమా అని భారత్ మొదటి నుంచీ సంతకం పెట్టలేదు. పాకిస్థాన్, ఇజ్రాయెల్ కూడా బయటే ఉన్నాయి. ఉత్తర కొరియా లోపలికి వెళ్లి, 2003లో బయటకు వస్తున్నట్లు ప్రకటించింది.

సీటీబీటీ, అంటే అణు పరీక్షల సంపూర్ణ నిషేధ ఒప్పందం. 1996లో సంతకాలకు వచ్చింది. ఇందులోనూ భారత్ లేదు. కానీ 1998 తర్వాత మళ్లీ పరీక్ష చేయలేదు. స్వచ్ఛందంగా ఆపేశామని ప్రకటించింది, ఆ మాట మీదే ఉంది.

'మొదట మేం ప్రయోగించం'. 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించిన అణు విధానంలో ఇది కీలకం. అయితే రసాయన, జీవాయుధాలతో దాడి జరిగితే అణ్వాయుధంతో బదులిచ్చే అవకాశాన్ని అట్టిపెట్టుకుంది. 2019 ఆగస్టులో అప్పటికీ ఇప్పటికీ రక్షణ మంత్రి అయిన రాజ్‌నాథ్ సింగ్, భవిష్యత్తులో ఏం జరుగుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందని పోఖ్రాన్‌లో అన్నారు. ఇది ఒప్పందం కాదు, విధానం మాత్రమే అని ఆ మాట గుర్తు చేసింది.

రసాయన ఆయుధాల విషయంలో కథ వేరు. 1993లో సంతకం, 1996లో ధ్రువీకరణ. తమ దగ్గర నిల్వ ఉందని 1997లో భారత్ ప్రకటించడం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది. వెయ్యి టన్నులకు పైగా ఉన్న మస్టర్డ్ రసాయనాన్ని అంతర్జాతీయ తనిఖీదారుల ముందే 2009 నాటికి పూర్తిగా ధ్వంసం చేసింది. అల్బేనియా, దక్షిణ కొరియా తర్వాత ఆ పని పూర్తి చేసిన మూడో దేశం మనదే. జీవాయుధాల ఒప్పందాన్ని 1974లోనే ధ్రువీకరించింది.

వీటికి తోడు 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం తెచ్చింది. అలాంటి పరిజ్ఞానం, సామగ్రి అక్రమంగా ఇతరుల చేతికి పోకుండా చూడటం దీని పని. అలాంటి పనులకు డబ్బు సమకూర్చడం కూడా నేరమే అని 2022లో సవరించారు. ఎగుమతులను నియంత్రించే నాలుగు బృందాల్లో మూడింటిలో భారత్ సభ్యత్వం పొందింది. 2016లో క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ వ్యవస్థ, 2017లో వాసెనార్, 2018లో ఆస్ట్రేలియా గ్రూప్. నాలుగోది ఎన్‌ఎస్‌జీ. ఎన్‌పీటీలో లేని దేశాన్ని ఎలా చేర్చుకుంటారు అంటూ చైనా అడ్డుపడుతోంది.

అన్నీ కలిపి చూస్తే.. సంతకం పెట్టిన చోట భారత్ మాట నిలబెట్టుకుంది. సంతకం పెట్టని చోట లెక్క చెప్పలేదు. ప్రపంచంలో చాలా దేశాలు ఈ రికార్డును గౌరవిస్తాయి. పరిజ్ఞానాన్ని బయటకు అమ్మిన దేశంగా భారత్‌కు పేరు రాకపోవడమే ఎన్‌ఎస్‌జీ మినహాయింపుకు పెద్ద కారణం.

గొలుసు మొత్తం తెలుగు నేల మీదే

తుమ్మలపల్లెలో తయారయ్యే పసుపు రంగు పదార్థం పేరు సోడియం డైయురేనేట్. ఇది డ్రమ్ముల్లో హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం, అంటే ఎన్‌ఎఫ్‌సీకి వెళ్తుంది. అక్కడే ఇంధన కడ్డీలు తయారవుతాయి. ఎన్‌ఎఫ్‌సీలో కొన్ని విభాగాలు ఐఏఈఏ తనిఖీల్లో ఉన్నాయి, కొన్ని లేవు. రెండు ఖాతాల గీత ఒకే ప్రహరీ లోపల గీసి ఉందన్నమాట.

రియాక్టర్లకు కావాల్సిన భారజలం తయారయ్యే చోట్లలో ఒకటి తెలంగాణలోని మణుగూరు. క్షిపణుల పరిశోధనకు కేంద్రం హైదరాబాద్. అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ అరిహంత్ తయారైంది, 2009 జూలై 26న నీళ్లలోకి దిగింది విశాఖలో. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. జలాంతర్గాముల రియాక్టర్లకు కావాల్సింది శుద్ధి చేసిన యురేనియం. విదేశీ యురేనియం అందుకు వాడకూడదు కాబట్టి అది దేశీయ ఖాతా నుంచే రావాలి.

ఆయుధాల తయారీ ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1652లో జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి తావెర్నియే, మీర్ జుమ్లా అక్కడ ఫిరంగులు పోత పోయించడం గురించి రాశాడు. అప్పుడు లోహం ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని ఫిరంగులు అయ్యాయి అన్నది కోట లోపల చూసిన వాళ్లకు తెలిసేది. ఇప్పుడు గని గేటు దాటిన డ్రమ్ము ఏ పని మీద వెళ్లిందో పక్క ఊరికి కూడా తెలియదు.

పోలిక కావాలంటే దూరం పోనక్కర్లేదు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ ప్లాంట్ సామర్థ్యం 1,650 మెగావాట్లు. ఎన్ని రేకుల బొగ్గు వచ్చింది, ఎన్ని యూనిట్ల కరెంటు అయింది, ఎంత బూడిద మిగిలింది అన్నీ లెక్కలు బయటకు వస్తాయి. బూడిద గురించి గొడవ పడాలన్నా చేతిలో అంకెలు ఉంటాయి. యురేనియం ఉత్పత్తి అంకెలను మాత్రం ప్రభుత్వం బయటపెట్టదు. అంతర్జాతీయ నివేదికల్లో కనిపించేవి అంచనాలే.

ఊరి లెక్క.. బోరు నీళ్లు చెప్పే కథ

ఇప్పుడు టెయిలింగ్ పాండ్ దగ్గరికి వద్దాం. ముడిరాయి నుంచి యురేనియం తీసేసినా, దాని వెంట ఉండే రేడియం లాంటి పదార్థాలు బురదలో మిగులుతాయి. వాడిన సోడియం లవణాలూ అందులోనే ఉంటాయి. పాండ్ అడుగు నుంచి అవి భూగర్భ జలంలోకి దిగకుండా లైనింగ్ పటిష్ఠంగా ఉండాలి.

కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లె, కణంపల్లె, భూమయ్యగారిపల్లె.. ఈ ఊళ్ల రైతుల ఫిర్యాదు సరిగ్గా దాని గురించే. బోరు నీళ్లు ఉప్పగా మారాయని, అరటి తోటలు ఎండిపోయాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని ఏళ్ల తరబడి చెప్తున్నారు. పులివెందుల ప్రాంతం అంటేనే అరటి, చీనీ తోటలు. నీళ్లు చెడితే బతుకుదెరువే చెడుతుంది. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది. నిపుణుల బృందాలు వచ్చి నీళ్లు, మట్టి నమూనాలు తీసుకెళ్లాయి.

యూసీఐఎల్ ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు. నిబంధనల ప్రకారమే పాండ్ కట్టామని, ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి నీళ్లలో కొంత ఉండటం వింత కాదని దాని వాదన. రెండో మాటలో వాస్తవం లేకపోలేదు. కానీ గని రాకముందు నీళ్లలో ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది అన్నది ఊరు ఊరికీ, బోరు బోరుకీ జనం ముందు పెడితేనే ఆ వాదన నిలుస్తుంది.

ఇంకో చిక్కు. తాగునీటిలో యురేనియం ఎంత ఉండొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం లీటరుకు 30 మైక్రోగ్రాములు. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పెట్టుకున్న పరిమితి 60. అంటే 45 వచ్చిన బోరు ఒక కాగితం మీద 'ఫర్వాలేదు', ఇంకో కాగితం మీద 'తాగొద్దు'. ఆ ఇంట్లోవాళ్లు ఏ కాగితం నమ్మాలి?

గని వల్ల లాభం లేదా అంటే ఉంది. కరువు సీమలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అంటే చిన్న విషయం కాదు. భూములిచ్చిన కుటుంబాల్లో గనిలో పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఇక్కడ గొడవ గని వద్దా, కావాలా అన్నదాని కంటే నీళ్ల మీదే ఎక్కువ నడిచింది. ఒకే ఇంట్లో అన్న జీతం గని నుంచి వస్తుంటే తమ్ముడి తోట బోరు మీద ఆధారపడితే, రోడ్డెక్కి అరవడం అంత తేలిక కాదు.

కొన్నిచోట్ల ఆపారు.. ఇక్కడ నడుస్తోంది

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అనగానే తెలంగాణలో పెద్ద ఉద్యమం లేచింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. 2024 నవంబర్‌లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల దగ్గర జనం రోడ్డెక్కగానే ఏపీ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పార్టీ ఏదైనా కొత్త గని అంటే ప్రభుత్వాలు భయపడుతున్నాయి.

దీనివల్ల జరిగేది ఒకటే. కొత్త చోట్ల తలుపులు మూసుకుంటే, ఉన్న గని మీదే బరువు పడుతుంది. దేశీయ ఖాతా నింపాల్సిన భారం జార్ఖండ్‌తో పాటు తుమ్మలపల్లె మీదే ఉంటుంది. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ అన్నది 2025 బడ్జెట్‌లో కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. ఇప్పుడున్నది 9 గిగావాట్ల లోపే. ఇంధనం అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇక ముందు చూడాల్సిందేంటి?

మొదటిది, చట్టం. 1962 అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ సమాచారాన్ని దాచే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2025 డిసెంబర్‌లో పార్లమెంట్ ఆమోదించిన 'శాంతి' చట్టం దాని స్థానంలో వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు అణు విద్యుత్‌లో దారి తెరవడమే ఇందులో అందరూ మాట్లాడుకున్న విషయం. వేముల మండలానికి పనికొచ్చే అంశం వేరే ఉంది. ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా రావడం. 1983లో ఒక ఉత్తర్వుతో పుట్టిన ఈ సంస్థ, తాను నియంత్రించాల్సిన వ్యవస్థ కిందే పనిచేస్తోందని 2012లో కాగ్ కూడా ఎత్తిచూపింది. కొత్త హోదాతో అది నిజంగా స్వతంత్రంగా ఉంటుందా, తుమ్మలపల్లె నీటి పరీక్షల ఫలితాలను తెలుగులో ఊరి పంచాయతీ గోడకు అంటిస్తుందా అన్నదే అసలు పరీక్ష.

రెండోది, రహస్యం ఎంతవరకు? ఏటా ఎన్ని టన్నుల యురేనియం తీశారన్నది దేశ భద్రతకు సంబంధించింది, చెప్పకూడదు అంటే అర్థం చేసుకోవచ్చు. శత్రువు ఆ అంకె పట్టుకుని మన బాంబులు లెక్కపెట్టగలడు. కానీ కేకే కొట్టాల బోరులో యురేనియం ఎంత, సోడియం ఎంత, పాండ్ లైనింగ్ మందం ఎంత అన్న అంకెలు పట్టుకుని ఏ శత్రువూ ఏమీ చేయలేడు. వాటిని కూడా అదే తెర వెనక పెట్టడానికి భద్రత కారణం కాదు.

మూడోది, ఎన్‌ఎస్‌జీ. సభ్యత్వం కోసం భారత్ చెప్పే వాదన 'మేం బాధ్యత గల అణుశక్తి' అని. రసాయన ఆయుధాల నిల్వను తనిఖీదారుల ముందు ధ్వంసం చేసిన దేశానికి, 14 రియాక్టర్ల తలుపులు తెరిచిన దేశానికి ఆ మాట అనే హక్కుంది.

వియన్నా నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్ అడిగితే గ్రాముల్లో లెక్క చూపించే వ్యవస్థ మన దగ్గర ఉంది. మబ్బుచింతలపల్లె రైతు అడిగితే మైక్రోగ్రాముల్లో లెక్క చూపించడం అంతకంటే కష్టమేమీ కాదు. పరికరాలు ఉన్నాయి, శాస్త్రవేత్తలు ఉన్నారు. ఆ కాగితం ఊరికి చేరాలని ఎవరో ఒకరు ఆదేశం ఇవ్వాలి. అంతే.